మగచేప కడుపు

"ఏదీ, చేతులు చూపించు" అనేది మా అత్తయ్య, నేను గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చోగానే. బడిలో గోళ్ళు చూపించే పిల్లలా రెండు అరచేతులూ ఆమె ముక్కు దగ్గర పెట్టేదాన్ని. ఆమెకు కుడివైపు పక్షవాతం వచ్చి పడిపోయింది గాని ముక్కు మాత్రం చెక్కుచెదరలేదు. "అదే కంపు. శవాల గది కంపు. పోయి మళ్ళీ కడుక్కో" అనేది. వెళ్ళి మళ్ళీ సబ్బు రుద్దుకుని వచ్చేదాన్ని. అది సబ్బుకు పోయే వాసన కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. చచ్చిన చేపలు కుళ్ళకుండా ఉంచే మందు అది. గోళ్ళ కిందికి దిగిందంటే ఒక పట్టాన వదలదు. వంటింట్లో చేప తోమినప్పుడు వచ్చే నీచు వాసనకు ఈ ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ చేప వాళ్ళ కంచాల్లోకి వస్తుంది. ల్యాబులో నేను కోసే చేప ఎవరి కంచంలోకీ రాదు. అందుకని అది కంపు.

మా ఆయన సముద్ర జీవుల పరిశోధన కేంద్రంలో పెద్ద సైంటిస్టు. ఆయన ల్యాబులో కిటికీ పక్కన ఒక బల్ల, మైక్రోస్కోపు, ఎత్తు చాలని కుర్చీ ఉన్నాయి. అత్తయ్యకు పొద్దుటి పనులన్నీ చేసి, మందులు వేసి, ఆమె కునుకు తీసే వేళ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చునేదాన్ని. చేపల పొట్టలు కోసి, లోపల ఏముందో చూసి రాసేదాన్ని. జీతం లేదు. రూలు ఒప్పుకోదట. అధికారి సొంత భార్యను పనిలో పెట్టుకోకూడదట. పెట్టుకోకూడదు గాని చేయించుకోవచ్చు. ఏటా ల్యాబు వాళ్ళందరూ మెట్ల మీద నిలబడి ఫోటో తీయించుకుంటారు. ఆ ఫోటోలు అన్నీ నేనే తీశాను.

మేమిద్దరం పీహెచ్‌డీకి ఒకే గైడు దగ్గర చేరాం. ఒడ్డుకు దగ్గరగా, నడుంలోతు నీళ్ళ కింద పచ్చని పొలంలా పరుచుకుని ఉండే సముద్రపు గడ్డి, ఆ గడ్డిలో బతికే చేపలు. అవి ఏం తింటాయి, ఎప్పుడు గుడ్లు పెడతాయి, పిల్లలు ఎక్కడ దాక్కుంటాయి. ఇదీ మా పని. ఒకే వల ఇద్దరం చెరో పక్కా పట్టుకుని లాగేవాళ్ళం. ఆయన థీసిస్ పూర్తయింది. నాకు నెలలు నిండేసరికి నాది సగంలో ఉంది. "పిల్ల కాస్త పెద్దదవనీ" అన్నారు. పిల్ల పెద్దదైంది. "అమ్మకి కాస్త నెమ్మదించనీ" అన్నారు. అత్తయ్య జబ్బు నెమ్మదించే రకం కాదు. ఈలోపు మా గైడు పోయారు. నా సగం థీసిస్ అట్టపెట్టెలోంచి బీరువా మీదికీ, బీరువా మీంచి అటక మీదికీ ఎక్కింది. "ఇంట్లో ఖాళీగా కూర్చుంటే నీకూ తోచదు కదా, వచ్చి కాస్త ఆ పొట్టలు చూడు" అన్నారొక రోజు, నాకేదో వరం ఇస్తున్నట్టు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ అది వరంలాగే అనిపించింది. మళ్ళీ మైక్రోస్కోపు మీద కన్ను పెట్టిన ఆ మొదటి రోజు, రొయ్యపిల్ల కాలి ముక్క ఒకటి కనిపిస్తే, పుట్టింటి మనిషి ఎదురైనట్టు కళ్ళు చెమర్చాయి.

మా ఆయనకు పేరు తెచ్చింది వేలెడంత చేప. ఒంటి మీద రెండు గీతలు ఉంటాయని మేం గీతల చేప అంటాం. ఆడది గుడ్లు పెట్టగానే మగది వాటిని నోట్లోకి తీసుకుంటుంది. పిల్లలై ఈదిపోయేదాకా ఆ గుడ్ల ముద్దను నోట్లోనే మోస్తుంది. నోటి నిండా పిల్లలుంటే మేత ఎలా మేస్తుంది? మేయదు. పస్తులుంటుంది. దీని మీద ఆయన ఒకచోట మాట్లాడారు. జనానికి నచ్చింది. తర్వాత రేడియో వాళ్ళు పిలిచారు, కాలేజీల వాళ్ళు పిలిచారు, మహిళా సంఘాల వాళ్ళయితే వరసపెట్టి పిలిచారు. "ఆ తండ్రి ఆకలికి మాడిపోతుంటాడండీ! మరి ఆడచేప? ఆవిడగారు హాయిగా గడ్డిలో రొయ్యపిల్లల్ని మేస్తూ షికార్లు కొడుతుంటుంది! మనం మగవాళ్ళం ఆ చేపని చూసి నేర్చుకోవాలి" అనేవారు. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒకావిడ నా చేయి పట్టుకుని, "నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. పెట్టి పుట్టావమ్మా" అంది. నేను నవ్వాను. మా అమ్మాయి పుట్టినప్పుడు పాలపొడి ఎన్ని చెంచాలు కలపాలో డబ్బా మీద రాసే ఉండేది. ఆ డబ్బా ఏ అరలో ఉందో మాత్రం ఈ మనిషికి ఏనాడూ తెలియదు. నిజమే, ఆయన ఎవర్నీ కొరకరు. గట్టిగా ఒక మాట అనరు. వద్దు అని కూడా అనరు. "చూద్దాం" అంటారు. నా జీవితమంతా ఆ "చూద్దాం" అనే మాట కిందే ఉంది.

ఆ సీజనులో వచ్చిన చేపలు బక్కగా ఉన్నాయి. అవతల ఓడలకు దారి కోసం సముద్రపు అడుగు తవ్వుతున్నారు. ఆ బురద వచ్చి గడ్డి మీద పేరుకుంటోంది. గడ్డి పలచబడితే దాన్ని పట్టుకుని బతికే రొయ్యపిల్లలు పోతాయి. అవి పోతే చేపకు మేత లేదు. ఆడచేపల్ని కోస్తే లోపల జన, అంటే గుడ్ల సంచి, ఒకప్పటిలా నిండుగా లేదు, వడిలిన చిక్కుడు గింజలా ఉంది. మగచేపల్ని కోశాను. గుడ్లు మోసే కాలంలో వాటి కడుపు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. అలా ఉండాలనే ఆయన ఉపన్యాసం. ఆ రోజు ఒకదాని కడుపులో గుడ్లున్నాయి. దాని సొంత గుడ్లు.

వెంటనే మా ఆయన గదిలోకి వెళ్ళాను. ఆయన తల ఎత్తకుండానే, "వలలో పడ్డ కంగారులో మింగేసి ఉంటుంది" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. మంచి సైంటిస్టు ఎవరైనా ముందు అదే అడుగుతాడు. వెనక్కి వచ్చి మళ్ళీ చూశాను. కంగారులో మింగినవైతే కడుపులో చెక్కుచెదరకుండా ఉండాలి. ఇవి సగం కరిగి ఉన్నాయి. పేగు చీల్చి చూస్తే అక్కడా గుడ్ల పైపొర తునకలున్నాయి. అంటే వల పడకముందే ఎప్పుడో తిన్నది. ఇంకో మగచేపను కోశాను. అందులోనూ అంతే. ఏది చూస్తే అది రాశాను. "కడుపులో గుడ్లు, సగం అరిగినవి" అని.

కాగితాలు చూసి ఆయన, "ఇలాంటివి వస్తే పక్కన పడెయ్యి. శాంపిల్ పాడైనట్టు" అన్నారు.

"పాడవలేదండీ. కంచే చేను మేస్తోంది."

"సామెతలు బాగానే ఉంటాయి. రుజువు కావాలి కదా. చూద్దాం."

రుజువు ఎలా దొరుకుతుందో నాకు తెలుసు. నోట్లో గుడ్లున్న మగచేపను బతికుండగా, బెదరకుండా పట్టి, తొట్టెలో ఒంటరిగా ఉంచి చూడాలి. మర్నాడు పొద్దున్నే, నీళ్ళు వెనక్కి తీసే వేళ, అత్తయ్యకు అన్నీ అమర్చి, "ఒక్క గంటలో వచ్చేస్తాను" అని చెప్పి, చేతి వల, బకెట్టు పట్టుకుని బయల్దేరాను.

ఎన్నేళ్ళకు దిగానో ఆ నీళ్ళలోకి! మొదటి అడుగు వేయగానే మడమల దాకా బురద. మేం వల లాగిన రోజుల్లో ఇక్కడ గడ్డి ఎంత దట్టంగా ఉండేదంటే కాలు కింద పెట్టాలంటే మనసొప్పేది కాదు. ఇప్పుడు బోడితల మీద వెంట్రుకల్లా అక్కడొకటి ఇక్కడొకటి. మిగిలిన ఆకుల మీద బూడిద రంగు పొర. అయినా నడుందాకా నీళ్ళలో నిలబడి ఈత కళ్ళద్దాలు పెట్టుకుని ముఖం ముంచితే, మిగిలిన కాస్త గడ్డి అటూ ఇటూ ఊగుతోంది. దాని నీడలో గీతల చేపలు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఒకదాని గడ్డం ఉబ్బి ఉంది. నోరు చేతనైనంత మెల్లగా తెరిచి, లోపలి గుడ్లకు గాలి ఆడేలా ఒకసారి తిప్పుకుని మళ్ళీ మూసుకుంది. నన్ను చూసి పారిపోలేదు. ఎంతసేపు చూశానో తెలియదు. ఎవరికీ అక్కర్లేని మనిషిగా నీళ్ళలో అలా నిలబడటం ఎంత హాయిగా ఉందో ఎవరికి చెప్పను? వలతో కాకుండా దోసిట్లో పట్టి దాన్ని బకెట్టులోకి తీసుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో మా ఆయన, ఆ పూట కాలేజీ మానేసి వచ్చిన మా అమ్మాయి. ఒడ్డున సంచిలో నా ఫోను మోగీ మోగీ ఊరుకుంది. అత్తయ్యకు కడుపు నొప్పి వచ్చి పక్క పాడైంది. మా అమ్మాయే కడిగి దుప్పటి మార్చిందట. తల్లికి దుప్పటి మార్చడానికి ఆ కొడుకు తన కూతురి కోసం కబురు పెట్టి, ఆ పిల్ల వచ్చేదాకా వరండాలో నిలబడ్డాడన్నమాట. ఆ సంగతి మా అమ్మాయికి తట్టలేదు.

"చేపల కోసం వెళ్ళావా అమ్మా? నానమ్మని అలా వదిలేసి?" అంది, నా తడి బట్టలు పైనుంచి కిందికి చూసి.

"పోనీలేమ్మా. ఎప్పుడో ఒకసారి" అన్నారు ఆయన. నా వైపు తిరిగి, "చెప్పి వెళ్తే నేను వద్దంటానా చెప్పు?" అన్నారు నెమ్మదిగా. ఒక్క కేక వేసి ఉంటే బాగుండేది.

చేపను ల్యాబు తొట్టెలో వేశాను. నీళ్ళు బయటికి పోయే చోట పలచని గుడ్డ కట్టాను, పిల్లలు పుట్టి కొట్టుకుపోతే తెలియాలని. వెళ్ళినప్పుడల్లా ముందు దాన్ని చూసేదాన్ని. ఉబ్బిన గడ్డంతో మూల నక్కి ఉండేది. మేత వేస్తే ముట్టేది కాదు. ఒక రోజు వెళ్ళేసరికి గడ్డం లోపలికి పోయి ఉంది. తొట్టెలో ఒక్క పిల్ల లేదు. అడుగున గుడ్డు లేదు. వడకట్టే గుడ్డ మీద ఏమీ లేదు. చేప మాత్రం తొట్టె మధ్యకు వచ్చి చురుగ్గా ఈదుతోంది.

మా ఆయన్ని పిలిచాను. వంగి చాలాసేపు చూశారు. గుడ్డ విప్పి వెలుతురుకు పట్టి చూశారు. ఆ కాసేపు ఆయనలో నాకు వల రెండో కొస పట్టుకున్న పాత మనిషి కనిపించాడు.

"నిజమే. తినేసింది" అన్నారు. "ఆడది బక్కది, గుడ్లు కొన్నే పెట్టి ఉంటుంది. ఆ కాసిని గుడ్ల కోసం ఇన్నాళ్ళు పస్తులుండటం దండగ. తినేసి, బలం పుంజుకుని, ఇంకో ఆడదాని కోసం చూస్తుంది."

"అయితే రాద్దామండీ. ఇద్దరి పేర్లతో."

"రాద్దాం, రాద్దాం. ఇప్పుడు కాదు. పేపరు జర్నలుకు పంపించేశాను. ఈ చేప మీద పిల్లల కోసం రాసిన పుస్తకం అచ్చులో ఉంది. 'నాన్నచేప పిల్లల్ని తినేస్తుంది' అని పసివాళ్ళకి ఎలా చెబుతాం? ఇప్పుడేం మునిగిపోయింది?"

పేపరు అచ్చయి వచ్చాక చూశాను. గుడ్లు మోసే మగచేపలన్నిటికీ ఎదురుగా ఒకటే మాట, "కడుపు ఖాళీ" అని. నేను రాసినదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఆయనే మార్చారు. చివర్లో సహకరించిన వాళ్ళకు కృతజ్ఞతలున్నాయి. పడవవాడి పేరుంది. నన్ను మర్చిపోయారని నేను అనుకోను. సొంత మనిషికి ఎవరైనా కృతజ్ఞతలు చెబుతారా?

పిల్లల పుస్తకం విడుదలకు హాలు నిండిపోయింది. స్కూలు పిల్లలు, వాళ్ళ తల్లులు. మా అమ్మాయి ముందు వరసలో కూర్చుని ఫోటోలు తీస్తోంది. ఆయన ఎప్పటిలాగే నవ్వించారు. అయ్యాక ఎవరైనా ప్రశ్నలు అడగండి అన్నారు. రెండు జడల చిన్నపిల్ల ఒకతె లేచింది.

"అన్ని రోజులు ఆకలేస్తుంది కదా అంకుల్. నోట్లోనే ఉంటాయి కదా. తినెయ్యదా?"

హాలంతా నవ్వు. ఆయనా నవ్వారు. "తండ్రి కదమ్మా, ఎలా తింటాడు? కావాలంటే మా ఆవిడని అడుగు. మా ఇంట్లో నాన్నచేప సంగతి ఆవిడకే బాగా తెలుసు" అని వెనక వరసలో ఉన్న నా వైపు చెయ్యి చూపించారు. అందరూ వెనక్కి తిరిగారు. ఎవరో మైకు తెచ్చి నా చేతిలో పెట్టారు.

నేనేమీ ఆలోచించుకోలేదు. అడిగింది పిల్ల. కళ్ళు ఇంతింత చేసుకుని జవాబు కోసం చూస్తోంది. లేచి నిలబడి, "తింటుందమ్మా. నేను చూశాను" అన్నాను.

ఆయన వెంటనే రెండు చేతులూ పైకెత్తి, "చూశారా! ఇదండీ ఇంట్లో నా పరిస్థితి!" అన్నారు. హాలు పగలబడి నవ్వింది. "నిజంగానే చూశాను. కడుపు కోసి చూశాను" అన్నాను మైకులోకి. నవ్వు ఇంకా పెరిగింది. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. మంచి జోడీ అన్నారెవరో. ఆ పిల్ల ముందు నవ్వలేదు. పక్కనే తల్లి నవ్వుతుంటే చూసి, తర్వాత తనూ నవ్వింది.

కారులో మా అమ్మాయి, "అందరి ముందూ అలా అనాలా అమ్మా? నాన్న కాబట్టి జోక్ చేసి గట్టెక్కించారు. ఇంకొకరైతేనా?" అంది. "పోనీలేరా, ఎవరూ పట్టించుకోలేదుగా" అని నన్ను వెనకేసుకొచ్చారు ఆయన. ఓదార్పుగానే అన్నారు. నన్ను ఎవరూ పట్టించుకోలేదన్నది మా ఇంట్లో శుభవార్త.

మర్నాటి నుంచి ల్యాబుకు వెళ్ళలేదు. చెప్పి మానలేదు, మానేసి చెప్పలేదు. అత్తయ్యకు ఒంట్లో బాగాలేదనుకున్నారు ఆయన, కొన్నాళ్ళకు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు. ఆ తర్వాత ఏమీ అనుకోవడం మానేశారు. ఏదో అవుతుందని నేను ఎదురుచూసిన మాట నిజం. ఆయన పని ఆగిపోతుందనో, వచ్చి అడుగుతారనో. ఏమీ ఆగలేదు. ఆయన దగ్గర కొత్తగా చేరిన రీసెర్చి అమ్మాయిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నాకు పగలు మరీ పొడుగైపోయింది. ఇల్లు తుడవడం, అత్తయ్యను అటు ఇటు తిప్పి పడుకోబెట్టడం, తడిసిన దుప్పట్లు ఉతకడం, ఆరేయడం. కిటికీలోంచి సముద్రం వైపు చూస్తే తవ్వే ఓడ కనిపిస్తుంది. ఆ కాస్త గడ్డి కూడా ఈ పాటికి పోయి ఉంటుందని అనుకుంటాను. చూడటానికి వెళ్ళను.

ఒక మధ్యాహ్నం అత్తయ్య నిద్రపోతుంటే తలుపు చప్పుడైంది. ఆ రీసెర్చి అమ్మాయి. చెప్పులు విడిచి, గడప దగ్గరే నిలబడి, "సార్ మీటింగ్‌లో ఉన్నారు మేడమ్. అందుకే వచ్చాను" అంది. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చుంది.

"మగచేపల కడుపులో గుడ్లున్నాయి మేడమ్" అంది చివరికి. "సార్‌కి చూపిస్తే, 'శాంపిల్ పాడైంది, ఖాళీ అని రాసెయ్యి' అన్నారు. పాడవలేదు మేడమ్. పేగుల్లో కూడా ఉన్నాయి. నేను చూశాను."

నేను చూశాను. నా మాటే వేరే గొంతులో విన్నట్టయింది. చాలా రోజుల తర్వాత నా ఒంట్లో నెత్తురు కదిలింది. "నీకు ఏం కనిపించిందో అదే రాయి తల్లీ. అంతే. ఎవరేమన్నా సరే" అన్నాను, ఆమె చేయి పట్టుకుని.

ఆ అమ్మాయి చేయి వెనక్కి తీసుకోలేదు గాని తల దించుకుంది. "మావాళ్ళు ఈ ఒక్క ఏడాదే టైమిచ్చారు మేడమ్. ఈలోగా పూర్తి చెయ్యకపోతే చదువు ఆపించేస్తారు. మా ఆయన మంచివాడే. కానీ మా అత్తగారు ఇప్పటికే... సార్ సంతకం పెట్టకపోతే నాకింకేం లేదు." గ్లాసు కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది. "నేను రాయాలా వద్దా అని అడగడానికి రాలేదు మేడమ్. ఎలాగూ ఖాళీ అనే రాస్తాను. రాసేశాను కూడా. కానీ అన్నం సయించట్లేదు."

"మరి ఎందుకొచ్చావమ్మా?"

"సార్ పేపర్లో అన్నీ కడుపు ఖాళీ అనే ఉంది. ఆ చేపలు కోసింది మీరేనని ల్యాబులో చెప్పారు. మీక్కూడా గుడ్లు కనిపించే ఉంటాయి కదా..." తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. "మీరు కూడా ఖాళీ అనే రాశారు కదా మేడమ్?"

నేను ఒక్కదానికి కూడా అలా రాయలేదు. ఈ జన్మలో నాదని చెప్పుకోవడానికి నాకున్నది ఆ ఒక్కటే. హాలు నిండా జనం నవ్వుతున్నప్పుడు కూడా లోపల నేను పట్టుకుని నిలబడింది దాన్నే. చెప్పాలని నోరు తెరిచాను. ఆ పిల్ల ఇంకా నా ముఖంలోకే చూస్తోంది. కాదు అంటే ఈ పిల్ల ఏం చేస్తుంది? రాసింది కొట్టేయడం తన వల్ల కాదు. సంతకం లేకుండా బతకలేదు. నేను చేయగలిగినదాన్ని తను చేయలేకపోయానన్న బరువు కూడా నెత్తిన పెట్టుకుని, రేపు పొద్దున మళ్ళీ ఆ ఎత్తు చాలని కుర్చీలో కూర్చోవాలి.

"అవునమ్మా" అన్నాను. "నేనూ ఖాళీ అనే రాశాను."

"హమ్మయ్య" అంది ఆ పిల్ల, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని.